వృద్ధుల కేంద్రంలో సిస్టర్లు, ఆయాలు నిలవాలంటే

మంచం పట్టిన పెద్దవాళ్లను, మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లను చూసుకునే కేంద్రాలన్నిటికీ ఉన్న పెద్ద బాధ మనుషులు నిలవకపోవడం. పని చేతికొచ్చిన ఆయా నాలుగో నెలలో ఊరెళ్లి మళ్లీ రాదు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన సిస్టరు పెద్దాసుపత్రిలో ఖాళీ పడగానే వెళ్లిపోతుంది, లేదా జర్మనీ వెళ్లడానికి ఆ భాష క్లాసుల్లో చేరుతుంది. యాజమాన్యం జీతం కొంచెం పెంచుతుంది, మే 12న నర్సుల దినోత్సవానికి కేకు కోయిస్తుంది. రెండూ చేయాల్సినవే. వాటితోనే మనుషులు ఆగిపోతారనుకుంటే మాత్రం పొరపాటు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లలో చాలామందికి పెద్దవాళ్లంటే జాలి, ఓపిక ముందునుంచే ఉంటాయి. పక్క తిప్పాల్సిన టైముకి తిప్పలేకపోవడం, నిదానంగా తినిపించాల్సిన మామ్మగారికి గబగబా నాలుగు చెంచాలు పెట్టి పక్క మంచానికి పరుగెత్తడం, తడిసిన డైపరు తెలిసి కూడా అరగంట వదిలేయడం వాళ్ల మనసును విరిచేస్తాయి. రోజూ ఇలాగే జరిగితే ఆ మనిషి మొద్దుబారుతుంది, లేదా మానేస్తుంది. కాబట్టి సంతృప్తి పెంచాలనుకునే మేనేజరు మొదట చూడాల్సింది చేయలేక వదిలేస్తున్న పనిని. కింద చెప్పేది 30, 40 మంచాల కేంద్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది.

ముందు తెలుసుకోండి, కానీ పేర్లు అడక్కండి

"మీకిక్కడ బాగుందా?" అని ఇన్‌ఛార్జి అడిగితే అందరూ బాగుందనే చెబుతారు. ఉద్యోగ సంతృప్తి కొలవడానికి పేరున్న ప్రశ్నావళులు ఉన్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ స్పెక్టర్ 1985లో ప్రచురించిన దానిలో జీతం, పై అధికారి, తోటివాళ్లు, ఎదుగుదల లాంటి 9 అంశాల మీద 36 వాక్యాలుంటాయి. పరిశోధనకు అది సరిపోతుంది. డ్యూటీ దిగి బస్సుకి పరుగెత్తే మనిషికి 36 వాక్యాలు ఎక్కువ. ఒక్క పేజీలో పది వాక్యాలు చాలు, అవీ మాట్లాడే తెలుగులో ఉండాలి: "నా ఆఫ్ రోజున నన్ను పిలవరు", "బరువైన మనిషిని లేపేటప్పుడు నాకు తోడు దొరుకుతుంది", "ఇంటివాళ్లు నన్ను తిడితే ఇన్‌ఛార్జి నా పక్కన నిలబడతారు", "నేను చెప్పిన మాట డాక్టరు దాకా వెళ్తుంది". పక్కన అయిదు గడులు పెట్టి టిక్కు పెట్టమనండి.

పేజీ అడుగున మాత్రం ఇంకో ప్రశ్న ఉండాలి. "పోయిన డ్యూటీలో టైము చాలక వదిలేసినవి ఏవి?" అని అడిగి, పక్క తిప్పడం, నోరు శుభ్రం చేయడం, నడిపించడం, నిదానంగా తినిపించడం, డైపరు మార్చడం, కాసేపు కూర్చుని మాట్లాడటం, రిజిస్టరు రాయడం అని వరుసగా ఇవ్వండి. మొత్తం కాగితంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే జవాబు ఇదే. అయితే దీన్ని చూపించి ఒక్కసారి ఎవరినైనా మందలించారా, మళ్లీ ఎవరూ నిజం రాయరు.

ఇక్కడ దెబ్బతినే చోట్లు కొన్నున్నాయి. వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే నంబరు తెలిసిపోతుందని భయపడతారు, కాబట్టి కాగితం, తాళం వేసిన పెట్టె వాడండి. చేతిరాత గుర్తుపడతారు, కాబట్టి టిక్కులే ఉండాలి. అయిదుగురి కంటే తక్కువమంది ఉన్న షిఫ్టు జవాబులను విడిగా చూపించకండి, ఎవరేమన్నారో ఇట్టే తెలిసిపోతుంది. చదవలేని ఆయాలకు ప్రశ్నలు చదివి వినిపించే మనిషి బయటివాళ్లయి ఉండాలి. ఒడిశా, ఝార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లుంటే హిందీ కాపీ కూడా తీయండి.

కాగితంతో పాటు రిజిస్టర్లూ చూడండి. ఏడాదిలో మానేసినవాళ్ల సంఖ్యను సగటు సిబ్బంది సంఖ్యతో భాగించి వందతో గుణిస్తే మానేసేవాళ్ల శాతం వస్తుంది. ఆ అంకె ఒక్కటీ పెద్దగా ఏమీ చెప్పదు, దాన్ని విడగొట్టాలి. మొదటి మూడు నెలల్లోనే వెళ్లిపోయేవాళ్లు ఎక్కువైతే తప్పు చేర్చుకునేటప్పుడు చెప్పిన మాటల్లోనో, మొదటి వారాల్లోనో ఉంది. రెండేళ్లు చేసి వెళ్లేవాళ్లు ఎక్కువైతే జీతంలో, ఎదుగుదలలో ఉంది. నైట్ డ్యూటీ అయిన మర్నాడు ఒంట్లో బాలేదని పెట్టే సెలవులు పెరుగుతుంటే రోస్టరులో, అంటే డ్యూటీల పట్టికలో ఉంది.

మనుషుల లెక్క సరిగ్గా కట్టండి

చాలా కేంద్రాల్లో అసలు తప్పు ఇక్కడే మొదలవుతుంది. "నలభై మంచాలకి పదముగ్గురు చాలు" అని నోటిమాటగా పెట్టుకుంటారు. లెక్క ఇలా కట్టాలి.

పూర్తిగా మంచం మీదే ఉన్న ఒక మనిషిని తీసుకోండి. రెండు గంటలకోసారి పక్క తిప్పితే రోజుకి 12 సార్లు. ఇద్దరు కలిసి మూడేసి నిమిషాల్లో తిప్పినా 72 నిమిషాల పని. నాలుగు పూటలు, పూటకి 20 నిమిషాల చొప్పున తినిపించడానికి 80. ఒళ్లు తుడిచి దుప్పటి మార్చడానికి 25. డైపరు నాలుగుసార్లు, ఆరేసి నిమిషాలు, 24. మందులు, బీపీ, షుగరు చూడటానికి 10. మొత్తం సుమారు మూడున్నర గంటలు. సాయంతో నడవగలిగేవాళ్లకి రెండు గంటలు, సొంతంగా తిరిగేవాళ్లకి ముప్పావు గంట అనుకుందాం. మీ దగ్గర గడియారం పెట్టి రెండ్రోజులు చూసి ఈ నిమిషాలను సరిచేసుకోండి.

నలభై మందిలో 15 మంది మంచంలో, 15 మంది సాయంతో, 10 మంది సొంతంగా ఉంటే: 52.5, 30, 7.5, అంటే రోజుకి 90 గంటల పని. ఎనిమిది గంటల డ్యూటీలో భోజనం, హ్యాండోవరు (తర్వాతి షిఫ్టుకి అప్పగింత), రాత పోగా చేతికి దొరికేది ఏడు గంటలు. 90ని 7తో భాగిస్తే రోజుకి 13 మంది డ్యూటీలో ఉండాలి. పొద్దున 6, మధ్యాహ్నం 4, రాత్రి 3.

ఇది రోజూ డ్యూటీలో ఉండాల్సినవాళ్ల సంఖ్య, పేరోల్‌లో ఉండాల్సినవాళ్ల సంఖ్య వేరు. ఒక మనిషికి ఏడాదిలో 52 వారాంతపు సెలవులు, మిగతా సెలవులు, పండగలు కలిపి 35 అనుకుంటే పనికి వచ్చేది 278 రోజులు. 365ని 278తో భాగిస్తే 1.31. పదముగ్గురిని 1.31తో గుణిస్తే 17. పదముగ్గురినే పెట్టుకున్న చోట ప్రతి సెలవూ ఇంకొకరి డబల్ డ్యూటీ అవుతుంది. "మా వాళ్లు ఆఫ్‌లు ఎక్కువ అడుగుతారు" అని విసుక్కునే యాజమాన్యాలు ముందు ఈ గుణకారం చేయాలి. ప్రతి షిఫ్టులో రిజిస్ట్రేషన్ ఉన్న సిస్టరు ఒకరైనా ఉండాలంటే అదే లెక్కన కనీసం నలుగురు సిస్టర్లు కావాలి. అయిదుగురుంటే ఒకరు జ్వరపడినా ఇబ్బంది లేదు.

పై లెక్కలో ఒక్కో పెద్దమనిషికి సగటున రెండుంబావు గంటల సేవ వస్తుంది. అమెరికాలో నర్సింగ్ హోములకు 2024లో ప్రకటించిన నిబంధనలో ఇది 3.48 గంటలు. మరుసటి ఏడాది కోర్టు దాన్ని కొట్టేసింది, అది వేరే సంగతి. మనం కట్టిన లెక్క కనీసం మాత్రమేనని గుర్తుంచుకోవడానికి ఆ అంకె చాలు.

ఇంకో జాగ్రత్త. కొత్తగా చేరే పెద్దవాళ్లలో ఎక్కువమంది మంచం పట్టినవాళ్లయితే మంచాల సంఖ్య మారకపోయినా పని పెరుగుతుంది. సొంతంగా తిరిగే ఒకరి స్థానంలో మంచంలో ఉన్న ఒకరు వస్తే రోజుకి దాదాపు మూడు గంటలు అదనం. నెలకోసారి మళ్లీ లెక్క కట్టండి. అడ్మిషన్లు చూసే మనిషి సిస్టర్ ఇన్‌ఛార్జిని అడగకుండా మంచం ఇవ్వకూడదు.

రోస్టరు

షిఫ్టులు ముందుకు తిరగాలి: పొద్దున, తర్వాత మధ్యాహ్నం, తర్వాత రాత్రి. వెనక్కి తిప్పితే నిద్ర కుదరదు. వరుసగా మూడు రాత్రులకు మించి వేయకండి, ఆ తర్వాత రెండు రోజులు ఆఫ్ ఇవ్వండి. ఒక డ్యూటీ దిగాక ఇంకోటి ఎక్కడానికి మధ్య 11 గంటలైనా ఉండాలి. రోస్టరు కనీసం రెండు వారాల ముందు గోడ మీద ఉండాలి. రాత్రి పదింటికి ఫోన్ చేసి "రేపు పొద్దున రా" అనే అలవాటు మానుకుంటే సగం అసంతృప్తి పోతుందని మా నమ్మకం.

పైన గదుల్లోనే ఉండే ఆయాల విషయంలో మరీ జాగ్రత్త. "ఇక్కడే ఉన్నావు కదా, కాస్త వచ్చి పట్టు" అని అర్ధరాత్రి లేపడం చాలా చోట్ల మామూలైపోయింది. లేపితే దాన్ని డ్యూటీగా రాసి ఓవర్‌టైమ్ ఇవ్వాలి, రేటు రెట్టింపు. రాయడం మొదలుపెట్టగానే పిలుపులు వాటంతటవే తగ్గుతాయి.

పండగలకు గొడవలు ఖాయం, కానీ మన దగ్గర సర్దుబాటుకి మంచి దారి ఉంది. ఆంధ్ర జిల్లాల వాళ్లకు సంక్రాంతి ముఖ్యం, తెలంగాణ వాళ్లకు బతుకమ్మ, దసరా. సిస్టర్లలో చాలామందికి క్రిస్మస్. రెండు నెలల ముందే ప్రతి ఒక్కరినీ ఏడాదిలో తప్పనిసరిగా కావాల్సిన ఒక్క పండగ రాయమనండి. అది ఖాయం చేసి, మిగతావి వంతుల మీద ఇవ్వండి. ఎవరికి ఏది ఇచ్చారో అందరికీ కనపడేలా రాసి పెట్టండి. సెలవు దొరకనందుకు పడే బాధ కంటే, ఇన్‌ఛార్జికి కావాల్సినవాళ్లకే దొరుకుతోందన్న అనుమానం ఎక్కువ చేటు చేస్తుంది.

నడుములు కాపాడండి

ఈ పని వదిలేసేవాళ్లలో చాలామంది మనసు విరిగేలోపే నడుము విరగ్గొట్టుకుంటారు. మనుషుల్ని చేతులతో ఎత్తడానికి అమెరికాలోని వృత్తి భద్రతా నిపుణులు సూచించే పరిమితి 35 పౌండ్లు, అంటే 16 కిలోలు. 60 కిలోల పెద్దాయనను ఇద్దరు ఎత్తితే తలా 30 కిలోలు. అంటే ఇద్దరు పట్టినా అది సురక్షితం కాదు.

మంచం ఎత్తు పనిచేసే మనిషి నడుము దగ్గరికి రావాలి. ఎత్తు మారని మంచాలైతే కాళ్ల కింద గట్టి దిమ్మలు వేయించవచ్చు, కానీ సొంతంగా దిగే పెద్దవాళ్ల మంచాలకు వద్దు, పడిపోతారు. పైకి జరపడానికి చంకల్లో చేతులు పెట్టి లాగకూడదు. జారుడు గుడ్డ అడుగున వేసి ఇద్దరూ ఒకే మాట మీద లాగాలి. పెద్దవాళ్ల చర్మం కూడా ఒరుసుకోదు, పుండ్లు తగ్గుతాయి. నడిచేవాళ్లకు నడుం బెల్టు కట్టి దాన్ని పట్టుకోవాలి, చెయ్యి పట్టి లాగితే భుజం జారుతుంది.

అసలు కదలలేనివాళ్లకు హాయిస్ట్, అంటే మనిషిని జోలెలో కూర్చోబెట్టి ఎత్తే మెషీన్ కావాలి. కొన్నవాళ్లలో చాలామంది దగ్గర అది స్టోర్ రూములో మూలన పడి ఉంటుంది. కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: మంచం కింద ఖాళీ లేక దాని కాళ్లు లోపలికి పోవు, జోలె ఒకే సైజుది ఉంటుంది, బ్యాటరీ ఛార్జి పెట్టే బాధ్యత ఎవరిదీ కాదు, తీసుకొచ్చేలోపు చేత్తో ఎత్తేయవచ్చనిపిస్తుంది. కొనేముందు మంచం కింద ఎత్తు కొలవండి. జోలెలు రెండు సైజులవి, ఒక్కో సైజుకి రెండు తీసుకోండి, ఒకటి ఉతుకుతుంటే ఇంకోటి ఉండాలి. ఛార్జి బాధ్యత నైట్ షిఫ్టుకి పేరు పెట్టి ఇవ్వండి. మెషీన్‌ను ఎక్కువ బరువున్నవాళ్ల గదుల వరండాలోనే ఉంచండి.

చెయ్యి చేసుకోవడం, మాట అనడం

మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లు స్నానం దగ్గర కొడతారు, గిల్లుతారు, ఉమ్ముతారు. "జబ్బు మనిషి, సర్దుకో" అని ఆయాను పంపేస్తే ఆమెకు రెండోసారి దెబ్బ తగిలినట్టే. చాలాసార్లు ఆ కోపం వెనక చెప్పుకోలేని నొప్పి ఉంటుంది. నొప్పిని చూసి పట్టుకునే పెయినాడ్ అనే కొలత ఉంది: ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి బిగువు, ఓదారిస్తే ఊరుకోవడం అనే అయిదింటికి సున్నా నుంచి రెండు మార్కులు, మొత్తం పది. దీన్ని ఆయాలకు గంటలో నేర్పవచ్చు. అంకె ఎక్కువుంటే డాక్టరుతో మాట్లాడి స్నానానికి ముప్పావు గంట ముందు నొప్పి మాత్ర పడేలా చూడండి. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, చల్లటి నీళ్లు, ఒళ్లంతా ఒక్కసారిగా విప్పేయడం కూడా కారణాలే. టవలు కప్పి కొంచెం కొంచెంగా తుడిస్తే గొడవ బాగా తగ్గుతుంది. ఆయా చూసి చెప్పింది డాక్టరు విని మందు మార్చి, ఆ మనిషి నెమ్మదిస్తే ఆమెకు తన పని విలువ కళ్లముందు కనపడుతుంది. ఏ బహుమతీ దీనికి సాటిరాదు.

కులం పేరుతో "ఆమె చేతి అన్నం తినను" అనే పెద్దవాళ్లు, దాన్ని సమర్థించే ఇంటివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దీన్ని ఆయాకు వదిలేయకూడదు. సిబ్బందిని కులం, మతం, ప్రాంతం చూసి మార్చమని అడగకూడదని, ఏయ్, ఒసేయ్ అని పిలవకూడదని అడ్మిషన్ కాగితంలోనే రాసి సంతకం తీసుకోండి. మాట మీరితే ఇంటివాళ్లతో మాట్లాడాల్సింది మేనేజరే, ఆ రోజే. ఒంటిమీద చెయ్యి వేసే మగవాళ్ల విషయంలో ఇద్దరు కలిసి వెళ్లాలి, స్నానానికి మగ సిబ్బందిని పంపాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. కమిటీలో ఎవరున్నారో ఆయాలకు కూడా తెలియాలి.

విదేశాల్లో ఉన్న పిల్లల వీడియో కాల్స్ గురించీ చెప్పాలి. అమెరికాలో రాత్రి భోజనాలయ్యాక చేస్తారు, ఇక్కడ సరిగ్గా స్నానాలు, టిఫిన్ల వేళ. ఆయా ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో చెంచా పట్టుకోవాల్సి వస్తుంది. మన సాయంత్రం 5 నుంచి 7 వరకు కాల్స్‌కి కేటాయిస్తే న్యూజెర్సీ వైపు ఉదయం అవుతుంది. కాలిఫోర్నియా వాళ్లకు శని, ఆదివారాల్లో రాత్రి 8 తర్వాత ఒక గంట పెట్టండి. ఫోను పట్టుకోవడం ఆ పూట ఒక మనిషి డ్యూటీగా రోస్టరులో రాయండి. పిల్లలకు ఉండే బెంగ నిజమైనదే, దానికి ఒక వేళ ఉంటే వాళ్లూ స్థిమితపడతారు.

బాగుపడటం అంటే ఇక్కడ ఏమిటి

ఆసుపత్రిలో రోగి కోలుకుని ఇంటికి వెళ్తాడు, సిస్టరుకి తృప్తి. ఇక్కడ చాలామంది ఇంటికి వెళ్లరు. ఆ కొలతతోనే చూసుకుంటే ఏం చేసినా వృథా అనిపిస్తుంది. కాబట్టి కొలతలు మార్చాలి. కొత్తగా బెడ్‌సోర్ రాకుండా గడిచిన రోజులు, ట్యూబు తీసేసి నోటితో తింటున్నవాళ్లు, ఈ నెల మంచం దిగి కుర్చీలో కూర్చున్నవాళ్లు, రాత్రి నిద్రమాత్ర మానిన పెద్దవాళ్లు. వీటిని నర్సింగ్ స్టేషన్ బోర్డు మీద రాయండి. ఒక్కటే షరతు: అంకె చెడితే ఎవరినీ నిలదీయకూడదు. నిలదీస్తే పుండ్లు దాచిపెట్టడం మొదలవుతుంది.

ఒకే ఆయా వీలైనంతవరకు ఆ అయిదారుగురినే చూసేలా పంచండి. రోజూ మంచాలు మార్చితే ఎవరికీ ఎవరూ తెలియరు. అయితే ఎక్కువ కష్టపెట్టే మనిషి ఎప్పుడూ ఒకరి నెత్తినే పడకుండా నెలకోసారి సర్దండి.

మరణం గురించి. ఏడాదిగా తినిపించిన పెద్దావిడ పోయిన సాయంత్రమే ఆ మంచంలోకి ఇంకొకరిని తెస్తే సిబ్బంది మనసులో ఏదో తెగిపోతుంది. కనీసం ఒక రోజు ఆ మంచం ఖాళీగా ఉంచండి. అది బిల్లులో నష్టమే, పెట్టుకోదగ్గ నష్టం. శరీరాన్ని సిద్ధం చేసిన వాళ్లకు వేడినీళ్ల స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి గంట టైము ఇవ్వండి, మైల పట్టింపు ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. మర్నాడు హ్యాండోవరులో అయిదు నిమిషాలు ఆ మనిషి గురించి మాట్లాడుకోనివ్వండి. దహనానికి వెళ్తామన్న ఒకరిద్దరిని జీతం కోయకుండా పంపండి.

జీతం, ఎదుగుదల

ఒకటో తారీఖైనా ఏడో తారీఖైనా, చెప్పిన రోజున పడాలి. పే స్లిప్ తెలుగులో ఇస్తే అనుమానాలు సగం తీరతాయి. పదిమంది ఉంటే ఈఎస్ఐ (జీతం 21 వేలలోపు వాళ్లకు), ఇరవై మంది ఉంటే పీఎఫ్. కోత పడుతోందని కొత్తవాళ్లు బాధపడితే ఈఎస్ఐ కార్డుతో ఇంట్లోవాళ్లకు వైద్యం ఎలా దొరుకుతుందో కూర్చోబెట్టి చెప్పండి. ఏజెన్సీ ద్వారా వచ్చిన ఆయాకు చేతికి ఎంత అందుతోందో తెలుసుకోండి. మీరిచ్చేదానికీ ఆమెకు చేరేదానికీ తేడా పెద్దదైతే, ఏజెన్సీ ఒప్పందం చూసుకుని ఆమెను నేరుగా తీసుకోవడం ఇద్దరికీ మేలు.

ఆయా ఎప్పటికీ ఆయాగానే ఉండిపోనక్కర్లేదు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ సర్టిఫికెట్ చేయించండి, పుండ్ల సంరక్షణ, తినిపించడం, కొత్తవాళ్లకు నేర్పడం అని బాధ్యతలు ఇచ్చి ఒక్కోదానికీ విడిగా డబ్బు కట్టండి. విదేశాలకు వెళ్లాలనుకునే సిస్టరును సర్టిఫికెట్లు పట్టుకుని ఆపకండి. వెళ్లే తేదీ ముందే చెప్పగలిగే వాతావరణం ఉంటే మీకు ఇంకొకరిని తయారు చేసుకునే టైము దొరుకుతుంది.

కొత్తగా చేరినవాళ్లకు మొదటి రెండు వారాలు నైట్ డ్యూటీ వద్దు, ఒంటరిగా ఎత్తే పని వద్దు, జతగా ఒకే పాత మనిషి ఉండాలి. ఆ పాత మనిషికి అదనపు డబ్బు ఇవ్వాలి, ఆ రెండు వారాలు మంచాలు తగ్గించాలి. లేకపోతే నేర్పడం ఆమెకు శిక్షవుతుంది. పదో రోజున, ముప్పయ్యో రోజున మేనేజరు పావుగంట కూర్చుని "ఇంటికెళ్లిపోవాలనిపించింది ఎప్పుడు?" అని అడగాలి. మానేసేటప్పుడు అడిగితే మర్యాదకి "ఇంట్లో పరిస్థితులు" అంటారు.

మళ్లీ అడిగేటప్పుడు

పెట్టె తెరిచిన రెండు వారాల్లో ఏం రాశారో గోడ మీద పెట్టండి. అందులో వెంటనే చేసేది ఒకటి, మూడు నెలల్లో చేసేది ఒకటి, చేయలేనిది ఒకటి కారణంతో సహా రాయండి. ఆరు నెలలకు అదే కాగితం మళ్లీ ఇవ్వండి, ప్రశ్నలు మార్చకండి. మొదటిసారి కంటే ఫిర్యాదులు పెరిగితే కంగారు పడొద్దు. నమ్మకం కుదిరి నిజం రాయడం మొదలుపెట్టి ఉంటారు. ఎటు వెళ్తున్నారో తేల్చాలంటే పక్కనే మూడు అంకెలు పెట్టుకోండి: వదిలేసిన పనుల టిక్కులు, నెలలో డబల్ డ్యూటీలు, 90 రోజుల్లోపు మానేసినవాళ్లు. ఫిర్యాదులు పెరిగి ఈ మూడూ తగ్గుతుంటే సరైన దారిలోనే ఉన్నట్టు. ఫిర్యాదులు తగ్గి డబల్ డ్యూటీలు పెరుగుతుంటే మాత్రం వెంటనే మనుషుల లెక్క దగ్గరికి వెళ్లి మళ్లీ మొదటినుంచి కట్టండి.